మత్స్యగంధి నుంచి మామిడికాయ పులుసు దాకా

మన కథల్లో చేపల వాసన మొట్టమొదట కనబడేది ఒక ఆడపిల్ల ఒంటిమీద. భారతంలో సత్యవతి సంగతి మీకు తెలియంది కాదు. చేప కడుపున పుట్టి, దాశరాజు ఇంట పెరిగి, యమునలో పడవ నడిపిన పిల్ల. ఒళ్ళంతా చేపల కంపు గనక మత్స్యగంధి అన్నారు. పరాశర మహాముని పడవెక్కాడు, పిల్లను చూసి మనసు పడ్డాడు, ఆ కంపు పోగొట్టి, యోజనం దూరం వ్యాపించే పరిమళం వరంగా ఇచ్చాడు. మత్స్యగంధి కాస్తా యోజనగంధి అయింది. ఆ పరిమళాన్ని వెదుక్కుంటూనే శంతన మహారాజు ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె కోసమే దేవవ్రతుడు భీష్ముడయ్యాడు. తరవాతి కథ పద్ధెనిమిది పర్వాలు నడిచింది. 11వ శతాబ్దంలో నన్నయగారు రాజమహేంద్రవరంలో, రాజరాజ నరేంద్రుడి కొలువులో ఈ కథను తెలుగు చేశారు. వెయ్యేళ్ళ నుంచీ చదువుతూనే ఉన్నాం, హరికథల్లో వింటూనే ఉన్నాం.

ఒక్క సంగతి మాత్రం నాకు మనసులో మిగిలిపోయింది. ఆ ఇంట్లో చేపలు పట్టేవాడు దాశరాజు. ఆయన ఒంటి వాసన ఊసు కథలో రాదు. పేరు పడింది పిల్లకి.

నేను కాలేజీలో చరిత్ర చదువుకున్నదాన్ని. రసాయనశాస్త్రం నా దరిదాపులకు రాలేదు. అయినా చేప ఎందుకు వాసన వేస్తుంది, ఆ వాసన తగ్గేదెలా అన్న ప్రశ్న నన్ను రెండింటిలోకీ లాక్కుపోయింది. మా చెల్లెలి కూతురు కొత్తగా కాపురానికి వెళ్ళి, వారానికోసారి ఫోను చేసి, “పెద్దమ్మా, చేపలు వండిన మర్నాడు దాకా ఇల్లంతా అదే వాసన, ఏం చెయ్యమంటావు?” అని అడుగుతూ ఉంటుంది. దానికి చెప్పిన జవాబే పెరిగి పెరిగి ఈ వ్యాసమైంది.

ముందు మాట సంగతి చూద్దాం. చేపల వాసనను మనం నీచు వాసన అంటాం. కొన్ని చోట్ల నీసు అంటారు. మాంసాహారం మొత్తానికీ ఆ మాటే వాడేవాళ్ళున్నారు. ఒక నగరంలో అద్దె ఇంటికోసం తిరుగుతున్న రోజుల్లో ఒక ఇంటావిడ గది చూపించక ముందే, “మీరు నీచు తింటారాండీ?” అని అడిగింది. “తింటామండీ” అన్నాను. “గోడలకు పట్టేస్తుందండీ” అని తాళంచెవి మళ్ళీ బొడ్లో దోపుకుంది. ఇల్లు దొరకనందుకు నాకు పెద్ద బాధ లేదు, ఇంకో వీధిలో దొరికింది. ఆ మాట మాత్రం మెట్లు దిగుతుంటే వెంట వచ్చింది. నిజానికి నీచు వాసనలోని చకారాన్ని నాలుక పళ్ళకు తగిలించి పలుకుతాం. నీచుడు అన్నప్పుడు అలా పలకం. నోట్లో రెండూ వేరువేరు మాటలు. రాతలోకి వచ్చేసరికి ఒకే అక్షరంలో కలిసిపోయాయి. కలిసిపోయింది అక్షరం ఒక్కటేనా అన్నది నా అనుమానం.

ఇక ఊరి సంగతి. మా అమ్మమ్మగారిది ముసునూరు. నూజివీడు మామిడి సీమ. మొన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. చరిత్ర చదివినవాళ్ళకు ఈ పేరు వినగానే ముసునూరి నాయకులు గుర్తొస్తారు. వారి ఇంటిపేరు ఈ ఊరిదేనంటారు. 1323లో ఓరుగల్లు పడిపోయి, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాక, చెల్లాచెదరైన నాయకులను కూడగట్టినవాడు ప్రోలయ నాయకుడు. ఆయన తరవాత కాపయ నాయకుడు 1336లో ఓరుగల్లును తిరిగి గెలుచుకున్నాడు. ఆంధ్రసురత్రాణుడని బిరుదు పెట్టుకున్నాడు. ఇదంతా పరీక్షకు చదివిన చరిత్ర. వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఏం వండారో ఏ శాసనంలోనూ పరీక్షకు రాలేదు.

ముసునూరు మండలంలోనే తమ్మిలేటి ఒడ్డున బలివె ఉంది. శివరాత్రికి అక్కడి రామలింగేశ్వరుడి తిరునాళ్ళకు ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఆ తమ్మిలేరే ఏలూరు మీదుగా దిగువకు పోయి కొల్లేట్లో కలుస్తుంది. ఎగువన మెట్ట, మామిడితోటలు. దిగువన కొల్లేరు, చేపలు. తోటల్లో గాలివానకు రాలిన కాయలు బండెక్కి కిందికి పోతే, కొల్లేటి చేపలు గంపలకెత్తుకుని పైకి వచ్చేవి. రెండూ కలుసుకునేది మన మట్టిదాకలో. ఈ కలయిక వెనక ఎంత శాస్త్రం ఉందో కాస్త నిదానంగా చెబుతాను.

సముద్రపు చేపకూ చెరువు చేపకూ వాసనలో తేడా ఉంటుంది. బందరు నుంచి వచ్చిన చేపను, కొల్లేటి బొచ్చెను పక్కపక్కన పెట్టి, కళ్ళు మూసుకుని మూత తీసినా మీరు చెప్పేస్తారు. సముద్రంలో ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పు చేప ఒంట్లోని నీటిని లాగేస్తూ ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి చేప తన కండలో ట్రైమిథైలమిన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని దాచుకుంటుంది. పేరు పొడుగైనా దీనికి వాసన లేదు. లోతు నీళ్ళ ఒత్తిడికి కండ చెడకుండా కాపాడేది కూడా ఇదే. చేప బతికినన్నాళ్ళూ అది కవచం. చచ్చిన తరవాత సూక్ష్మజీవులు చేరి ఆ పదార్థాన్ని విడగొడతాయి. అప్పుడు మిగిలేది ట్రైమిథైలమిన్. మనం ముక్కు మూసుకునేది దీనికే. అంటే ఏమిటన్నమాట? అప్పుడే పట్టిన సముద్రపు చేపకు చేపల కంపు ఉండదు. సముద్రపు గాలి వాసనో, పచ్చి దోసకాయలాంటి వాసనో ఉంటుంది. కంపు వచ్చిందంటే అది చేప చచ్చి ఎంతసేపయిందో చెప్పే గడియారం.

సొరచేప విషయం ఇంకొంచెం వేరు. దాని ఒంట్లో యూరియా ఎక్కువ. నిలవ ఉంటే అది అమ్మోనియాగా మారి ముక్కు పుటాలు అదిరిపోతాయి. బాలింతలకు సొరపుట్టు పెట్టే ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చేపను ముందు వేడినీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, తోలు తీసి, అప్పుడు పొడి చేసేది ఊరికే కాదు. యూరియా నీళ్ళలో కరుగుతుంది, ఆ నీళ్ళతోనే పోతుంది.

మంచినీటి చేపల్లో ఆ పొడుగుపేరు పదార్థం బహు తక్కువ. అయినా మట్టి వాసన వేస్తాయి. ఈ సంగతి తెలిసిన రోజున నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఆ వాసనకు ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. అమెరికాలో న్యూజెర్సీకి చెందిన గెర్బర్, లెషెవాలియే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1965లో దానికి ఆ పేరు పెట్టారు. గ్రీకు భాషలో భూమి వాసన అని అర్థం. చెరువు నీళ్ళలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు, నేలలో ఉండే ఒక జాతి సూక్ష్మజీవులు దీన్ని తయారుచేస్తాయి. చేప మొప్పల గుండా ఒంట్లోకి పోయి కొవ్వులో నిలుస్తుంది. లక్ష కోట్ల పాళ్ళ నీటిలో పది పాళ్ళున్నా మనిషి ముక్కు పసిగడుతుందట.

ఆశ్చర్యం ఇక్కడ కాదు. తొలకరి చినుకు పడగానే నేల నుంచి లేచే కమ్మని వాసన ఉంది చూశారూ, కవులంతా పరవశించిపోయే ఆ వాసనలో ఉన్నది కూడా ఈ జియోస్మినే. 1964లో ఇసబెల్ జాయ్ బేర్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరుడు రిచర్డ్ థామస్ కలిసి ఆ వాన వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. మన ఉత్తరాదిన కన్నౌజులో కాల్చిన మట్టి నుంచి ఆ పరిమళాన్నే తీసి అత్తరు చేసి సీసాల్లో అమ్ముతారు. ఒకే పదార్థం. నేల మీద లేస్తే కవిత్వం, సీసాలో పోస్తే అత్తరు, చేపలో ఉంటే మాత్రం “ఛీ, మట్టి వాసన!” ముక్కుకు పట్టింపులు లేవు, పట్టింపులన్నీ మనవే అనిపిస్తుంది నాకు.

మరి ఈ రెండు రకాల వాసనలకూ విరుగుడు ఏమిటి? పులుపు. ట్రైమిథైలమిన్ క్షార స్వభావం గలది. పులుపు తగిలితే లవణంగా మారిపోతుంది. లవణమయ్యాక గాలిలోకి లేవలేదు. గాలిలోకి లేవనిది ముక్కుకు ఎలా తెలుస్తుంది? జియోస్మిన్ కూడా ఆమ్లం తగిలితే వాసన పోగొట్టుకుంటుందని దానికి పేరు పెట్టిన శాస్త్రజ్ఞులే చూశారు. వంటింటి పులుపుకు ప్రయోగశాల ఆమ్లమంత బలం లేదు గనక మట్టి వాసన పూర్తిగా పోదు, కొంత తగ్గుతుంది. చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలోది సిట్రిక్ ఆమ్లం. పచ్చి మామిడికాయలోనూ సిట్రిక్, మాలిక్ ఆమ్లాలున్నాయి. నెల్లూరు వారు చేపల పులుసులో మామిడికాయ ముక్క వేసినా, మా నూజివీడు సీమలో రాలిన కాయలను ఒరుగులు చేసి ఏడాది పొడుగునా చేపల్లోకి దాచుకున్నా, గోదావరి ఒడ్డున చింతచిగురుతో చిన్నచేపలు వండినా చేస్తున్న పని ఒక్కటే. పేర్లు తెలియకుండానే మన ఆడవాళ్ళు ఇంత రసాయనశాస్త్రాన్ని దాకలో నడిపించారు.

ఈ విద్య ఎంత పాతదో చెప్పడానికి ఒక పుస్తకం సాక్ష్యముంది. కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1131 ప్రాంతాల్లో మానసోల్లాసమనే సంస్కృత గ్రంథం రాయించాడు. రాజ్యపాలన దగ్గర నుంచి ఏనుగుల పెంపకం దాకా అందులో లేనిది లేదు. చేపల్లో సముద్రపువి, నదులవి అని తేడాలు చెప్పి, వాటికి ఏ ఎర వెయ్యాలో కూడా చెప్పాడు. వంట దగ్గరికి వచ్చేసరికి చేపలకు పొలుసు తీయమని, నూనె, ఉప్పు రాయమని, పసుపు నీళ్ళతో కడగమని, చింతపండు రసంతో వండమని ఉంది. ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ ఎప్పుడు కళ్యాణి కోటకు వెళ్ళి వచ్చిందా అనిపించింది. ఆమె చేసింది అక్షరాలా అదే. రాజుగారి వంటశాల నుంచి మన పెరటి రోటి దాకా ఈ పద్ధతి దిగివచ్చిందో, మన పెరటి నుంచే రాజుగారి గ్రంథంలోకి ఎక్కిందో గాని, రెండోదే నిజమై ఉంటుందని నా నమ్మకం. సోమేశ్వర మహారాజు చేపలు కడిగి ఉండడు గదా!

కాపయ నాయకుడి కాలంలో ముసునూరులో ఎవరైనా చేపల పులుసు పెట్టి ఉంటే అది ఎలా ఉండి ఉంటుంది? చరిత్ర చదువుకున్నదానికి ఇలాంటి ఊహలు తప్పవు. మిరపకాయ ఉండదు. అది అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడలమీద వచ్చింది. టమాటా కూడా అంతే, ఇంకా ఆలస్యంగా వచ్చింది. అందుచేత ఎర్రగా నిగనిగలాడే పులుసు ఉండదు. కారానికి మిరియాలు. పసుపు ఉంది, ఆవాలున్నాయి, మెంతులున్నాయి, పచ్చి మామిడికాయ ఉంది. చింతపండు అంతకు ఎంతో ముందే ఆఫ్రికా నుంచి వచ్చి మనదైపోయింది. మనదని ఎంతగా అనుకున్నారంటే అరబ్బులు దాన్ని హిందూదేశపు ఖర్జూరం, తమర్ హింద్ అన్నారు, ఆ మాటే ఇంగ్లీషువారి నోట టామరిండ్ అయింది. పసుపు పచ్చగా, మిరియాల ఘాటుతో, పుల్లపుల్లగా ఒక పులుసు. రంగు మారింది గాని, వాసన విరిచే విద్య మారలేదు. అందులోని పులుపు ఇప్పటికీ మన దాకలో ఉంది.

మారింది చేప. కొల్లేరు అంటే కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు తెచ్చిన నీళ్ళు అందులో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మను తలుచుకుని లంకల జనం వలలు దింపేవారు. కొర్రమేను, వాలుగ, జెల్ల, మార్పు, చేదుపరిగె, ఏ రుతువుకు ఆ చేప. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి, గ్రంథి రసం సూది వేసి చెరువు చేపల చేత గుడ్లు పెట్టించాడు. అంతకుముందు శీలావతి, బొచ్చె పిల్లలు కావాలంటే వరదల్లో నదులకు పోయి పట్టుకు రావలసిందే. అప్పటి నుంచి పిల్లలు కావలసినన్ని. 1970ల చివరి నుంచి కొల్లేట్లో కట్టలు పోసి చేపల చెరువులు వెలిశాయి. ఐసు పెట్టెల్లో సర్దిన కైకలూరు, ఆకివీడు చేపలు లారీలెక్కి కలకత్తా దాకా పోయాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల తడినేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో అభయారణ్యంలోని చెరువుగట్లను ప్రభుత్వం కొట్టించింది.

దీనికీ వాసనకూ సంబంధమేమిటంటారా? ఉంది. పారే నీటిలో, నాచు తక్కువగా ఉన్న చోట పెరిగిన చేపకు మట్టి వాసన తక్కువ. నిలవ నీళ్ళలో ఎరువు, మేత ఎక్కువై, నీలి నాచు కమ్మిన చెరువులో పెరిగితే ఎక్కువ. “వెనకటి కొల్లేటి చేపకు ఈ వాసన లేదమ్మా” అని ముసునూరులో పెద్దవాళ్ళెవరైనా అంటే అది వయసు మళ్ళినవాళ్ళ చాదస్తమని కొట్టిపారెయ్యకండి. నీళ్ళు మారితే చేప మారుతుంది.

దానికీ ఒక ఉపాయముంది. మా అమ్మమ్మ బతికున్న కొర్రమేనును కొని, పెరట్లో గోలెంలో మంచినీళ్ళు పోసి అందులో వదిలేది. కొర్రమేను గాలి కూడా పీల్చుకుంటుంది గనక చావదు. రోజూ నీళ్ళు మార్చేది. “మట్టి కక్కనీ” అనేది. మేము పిల్లలం చుట్టూ చేరి దానికి పేరు పెట్టి, ఆదివారం వచ్చేసరికి ఏడుపు లంకించుకునేవాళ్ళం, మధ్యాహ్నం అన్నంలో మాత్రం మారు అడిగేవాళ్ళం. ఇప్పుడు చేపల పెంపకం వాళ్ళు అమ్మకానికి ముందు కొన్ని రోజులు చేపలను మేత లేకుండా శుభ్రమైన నీళ్ళలో ఉంచడం ప్రపంచమంతటా ఉన్నదే. అమ్మమ్మ ‘మట్టి కక్కించడం’ శాస్త్రంలో చోటు సంపాదించుకుంది.

మా చెల్లెలి కూతురికి చెప్పింది మీకూ చెబుతాను. చేప కొనేటప్పుడు కన్ను చూడండి, ఉబ్బెత్తుగా మెరుస్తూ ఉండాలి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు. ఇంటికి తెచ్చిన చేపను ఆలస్యం చెయ్యకుండా ఐసులోనో, ఫ్రిజ్‌లోనో పెట్టండి. చల్లదనంలో సూక్ష్మజీవులు మందగిస్తాయి. మొప్పలు, పేగులు, పొట్టలోని నల్లటి పొర, వెన్నెముక వెంట ఉండే నెత్తురు గీత, ఇవన్నీ పూర్తిగా తీయించండి. ముందు చెడేవి ఇవే. బూడిద వేసి రాయిమీద రుద్దే అలవాటుంటే మంచిదే, జిగురు పోతుంది, చేతికి పట్టు చిక్కుతుంది. కాని బూడిద క్షారం. అది మిగిలిపోతే వాసన ఇంకా లేస్తుంది. అందుచేత బాగా కడిగి, తరవాతే పులుపు వెయ్యాలి. కళ్ళుప్పు, పసుపు, కాస్త నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచి, చల్లటి నీళ్ళతో కడగండి. నిమ్మకాయ లేకపోతే పుల్ల మజ్జిగ ఉంది. దాని పులుపు ఒక పని చేస్తే, అందులోని మాంసకృత్తులు వాసనను పట్టుకుని నీళ్ళతో వెళ్ళిపోయి ఇంకో పని చేస్తాయి. చెరువు చేప అయితే తోలు, పొట్ట అంచు, నల్ల కండ తీసేస్తే మట్టి వాసన చాలా తగ్గుతుంది, కొవ్వు ఉండేది అక్కడే.

చేతుల సంగతి ఇంకో చిత్రం. సబ్బుతో నాలుగుసార్లు రుద్దినా వాసన పోదేమని విసుక్కుంటాం. మామూలు సబ్బులు చాలావరకు క్షారాలు. పులుపు కట్టిపడేసిన దాన్ని క్షారం విడిపిస్తుంది. పులుసు పిసికిన చింతపండు పిప్పి పారెయ్యకుండా ముందు దానితో చేతులు రుద్దుకుని, ఆ తరవాత సబ్బు వాడండి. కత్తిపీట, పలక కూడా అంతే. పొట్టు, మొప్పలు కాగితంలో చుట్టి అప్పటికప్పుడు బయటికి పంపండి, ఇంట్లో వాసనకు సగం కారణం చెత్తబుట్టలోనే ఉంటుంది. వేపుడు చేస్తే నూనె ఆవిరితో వాసన గోడలదాకా పోతుంది, పులుసు పెడితే అంత పోదు. అద్దె ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఇంటావిడలతో తగువులు తగ్గుతాయి.

అయితే వాసన లేకపోవడమే మంచితనమని అనుకోకండి. 2018 వేసవి చివర కేరళలో, తరవాత అస్సాంలో, చేపల్లో ఫార్మలిన్ కనబడిందని పెద్ద గగ్గోలు లేచింది. శవాలు చెడకుండా వాడే మందు అది. జూలైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర నుంచి వచ్చే చేపలను కొద్దిరోజులు ఆపేసింది. చేపలు పెంచినవాళ్ళ గుండెల్లో రాయి పడింది, కొనేవాళ్ళకు ముద్ద దిగలేదు. మనుషులు చేప పాతబడ్డ సంగతి దాచడానికి ఎంతకైనా పోతారు గాని, చేప తనంతట తాను దాచదు. వాసన దాని నిజాయితీ. దాన్ని పూర్తిగా నోరు మూయించే ప్రయత్నం ఎవరు చేసినా మనం అనుమానించాలి. పులుపు వేసి తగ్గించుకోవడం వేరు, మందు వేసి అబద్ధం ఆడించడం వేరు.

చివరిగా మళ్ళీ మనుషుల దగ్గరికి వస్తాను. 1970లో వైద్యశాస్త్రంలో ఒక జబ్బుకు చేపల వాసన జబ్బు అని పేరు పెట్టి వివరించారు. మనం తిన్న గుడ్డు, చిక్కుడు గింజ వంటివాటి నుంచి మన పేగుల్లో కూడా అదే ట్రైమిథైలమిన్ తయారవుతుంది. కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని వాసన లేని పదార్థంగా మార్చేస్తుంది. పుట్టుకతో ఆ ఎంజైము పనిచెయ్యనివాళ్ళకు చెమటలో, ఊపిరిలో ఆ వాసన వస్తుంది. ఎన్నిసార్లు స్నానం చేసినా వస్తుంది. ఆడవాళ్ళకు నెలసరి రోజుల్లో ఎక్కువవుతుంది. దీని చరిత్ర రాసిన వైద్యులు కొందరు మన సత్యవతి పేరు కూడా తలచుకున్నారు. ఈ జబ్బున్నవాళ్ళకు డాక్టర్లు చెప్పే జాగ్రత్తల్లో ఆహారంతోపాటు ఆమ్ల గుణం గల సబ్బు వాడమనేది ఒకటి. చూశారా, మళ్ళీ పులుపే! మీ ఎరికలో ఏ ఆడపిల్లయినా ఒంటి వాసనకు సిగ్గుపడి నలుగురిలోకి రాలేకపోతుంటే, “శుభ్రంగా స్నానం చెయ్యవే” అని కసురుకోకండి. డాక్టరుకు చూపించండి.

ఇక జబ్బు ఏమీ లేకుండానే వాసన మోసేవాళ్ళు ఉన్నారు. తెల్లవారుజామున రేవు దగ్గరో, చెరువుగట్టునో గంప ఎత్తుకుని, మన వీధుల్లోకి వచ్చే ఆడవాళ్ళు. 2021 డిసెంబరులో తమిళనాడులో, కన్యాకుమారి జిల్లా కుళచ్చల్‌లో, చేపలమ్మి ఇంటికి పోతున్న ఒక పెద్దావిడను వాసన వేస్తోందని బస్సులోంచి దింపేశారు. ఆవిడ బస్టాండులో నిలబడి నిలదీసింది. ఆ మాటలు దేశమంతా విన్నారు. ముఖ్యమంత్రి ఖండించారు, బస్సు సిబ్బందిని పనిలోంచి తాత్కాలికంగా తప్పించారు. ఆ బస్సులో కూర్చున్నవాళ్ళలో చేపలు తినేవాళ్ళు ఒక్కరైనా లేరంటే నేను నమ్మను.

పరాశరుడి వరం అందరికీ దొరకదు. దొరకాల్సిన అవసరమూ లేదు. సత్యవతి పరిమళం వచ్చాక రాణి అయింది గాని, ఏరు దాటించే విద్య ఆమెకు కంపు ఉన్న రోజుల్లోనే ఉంది. మీ వీధిలోకి చేపలావిడ వచ్చినప్పుడు బేరం ఆడుకోండి, మొప్ప ఎత్తి చూసుకోండి, అది మీ హక్కు. గంప దించుకోవడానికి ఒక చెయ్యి వెయ్యండి, తాగడానికి మంచినీళ్ళివ్వండి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మాత్రం మాట్లాడకండి. ఆ వాసన ఆవిడది కాదు, మన మధ్యాహ్నం భోజనానిది. చేతికి అంటితే ఉండనే ఉంది, చింతపండు పిప్పి!